కొబ్బరి కొట్టులో నీలం బండి

మా నాన్నగారికి ఒక నల్లటి పాత మోటార్‌సైకిల్ ఉండేది. ఆయన బడిపంతులు. పి.గన్నవరం నుంచి రోజూ దాని మీదే బడికి వెళ్ళొచ్చేవారు. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో, ఆయనకేం తోచిందో, ఒక సాయంత్రం నన్ను కాలవగట్టు మీదకి తీసుకెళ్ళి బండి ముందు కూర్చోమన్నారు. తను వెనక కూర్చున్నారు.

"క్లచ్ వదలడానికి తొందరేం లేదమ్మా. తొందరపడితే బండి ఆగిపోతుంది, అంతే కదా. మళ్ళీ కిక్కు కొడదాం" అన్నారు.

ఆ వేసవంతా నేర్చుకున్నాను. గేరు మార్చినప్పుడు పాదానికి తగిలే చిన్న దెబ్బ, యాక్సిలరేటరు మీద చెయ్యి తిప్పగానే ఒళ్ళు వెనక్కి లాగినట్టుండడం, నా జడ ఎగిరి నాన్నగారి మొహానికి కొట్టుకుంటే "అబ్బా, నీ జడ!" అని ఆయన విసుక్కోవడం, ఇవన్నీ ఇప్పటికీ ఒంట్లోనే ఉన్నాయి. గట్టు చివర కాలవ లాకుల దాకా వెళ్ళి వెనక్కి తిరిగేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు దారి సగమైపోయినట్టుండేది.

బడులు తెరిచేక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో ఒక పెద్దాయన నాన్నగారిని పక్కకి పిలిచేరు. నాకు చివరిమాట ఒక్కటే వినపడింది. "పిల్ల ఎదిగింది కదండీ మాస్టారూ."

ఆ సాయంత్రం నేను చెప్పులేసుకుని వాకిట్లో నిలబడితే, "ఇవేళ వద్దులేమ్మా" అన్నారు నాన్నగారు. మర్నాడూ అదే మాట. ఆ తరవాత నేను చెప్పులేసుకోలేదు. బండి తాళంచెవి గోడ మేకుకే వేలాడుతుండేది. నా చేతికి అందే ఎత్తులోనే ఉండేది. నేనెప్పుడూ తియ్యలేదు. నాన్నగారు కూడా దాని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. కాని నేను ఇంట్లో ఉన్నప్పుడు బండిని వీధి చివరిదాకా నడిపించుకుంటూ వెళ్ళి అక్కడ స్టార్టు చేసేవారు. ఆ చప్పుడు నాకు దూరం నుంచే వినపడేది.

బి.ఇడి. చదివే రోజుల్లో ఓసారి నరసాపురం నుంచి బస్సులో వస్తున్నాను. చించినాడ వంతెన మీద లారీ ఏదో ఆగిపోయి బండ్లన్నీ నిలిచిపోయేయి. నా కిటికీ పక్కన ఒక నీలం రంగు స్పోర్ట్స్ బైకు వచ్చి ఆగింది. అలాంటి దాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ముందంతా చేపమూతిలా కోసుగా ఉన్న తొడుగు, బాగా కిందకి ఉన్న హ్యాండిలు. నడిపే మనిషి ట్యాంకు మీద బోర్లా వాలినట్టు ఉన్నారు. ఇంజిను నాన్నగారి బండిలా డుగుడుగుమనడం లేదు. సన్నగా, తెగకుండా, గొంతులో అదిమి పట్టిన కేకలా ఉంది. బస్సు అద్దం మీద చెయ్యి పెట్టేను. అద్దం వణుకుతోంది. దారి దొరగ్గానే ఆ బండి గోదారి దాటి వెళ్ళిపోయింది. హెల్మెట్ నల్లటి అద్దం వెనక ఉన్నది మగో ఆడో కూడా నాకు తెలీదు. ఆడమనిషే అయ్యుంటుందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

తరవాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మావారు ఓడలరేవు దగ్గర గ్యాసు ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేస్తారు. నాకో స్కూటరుండేది. పోతుంది, వస్తుంది, కూరగాయలు మోస్తుంది. దాన్నేమీ అనడానికి లేదు. మావారు రాత్రి షిఫ్టులో ఉన్న రోజుల్లో పేపర్లు దిద్దడం అయిపోయేక ఫోన్లో స్పోర్ట్స్ బైకుల వీడియోలు చూసేదాన్ని. మొదట్లో బొమ్మ చూసేదాన్ని కాదు, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినేదాన్ని.

ముప్ఫై అయిదు దాటేక ఒకరోజు మావారు నా భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూసి, "ఇవన్నీ ఎందుకు చూస్తున్నావు?" అన్నారు.

"కొనుక్కోవాలనుంది."

నవ్వుతారనుకున్నాను. ఫోను నా చేతిలోంచి తీసుకుని ఆ వీడియో చివరిదాకా చూసేరు. తరవాత, "నాకు భయమేస్తుంది, అది ముందే చెప్పేస్తున్నాను. వద్దని మాత్రం అనను" అన్నారు. అంతకన్నా మంచిమాట ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

ముందు అమలాపురంలో గేరు బండి లైసెన్సు తీసుకున్నాను. తరవాత ఇద్దరం షోరూముకి వెళ్ళేం. అక్కడి కుర్రాడు చాలా మర్యాదగా మావారి దగ్గరకొచ్చి, "మేడమ్‌గారికి స్కూటర్లు ఇటుపక్కనున్నాయండి, కొత్త రంగులొచ్చేయి" అన్నాడు.

"స్కూటరు నాక్కావాలండి. ఆవిడకి అదిగో, ఆ పడుకుని నడిపేది చూపించండి" అన్నారు మావారు.

కుర్రాడు పాపం తడబడ్డాడు. తరవాత మాత్రం ఓపిగ్గా అన్నీ చూపించేడు. నూట యాభై సీసీది ఒకటి, మూడొందల సీసీది ఒకటి. రెండూ నా కంటికి ఆనలేదు. నా మనసు వంతెన మీదే ఉండిపోయింది. నాలుగు సిలిండర్లు, ఆరొందల సీసీ, నీలం రంగు. కొత్తది మా తాహతుకి అందే మాట కాదు. అందుకని పాతవి అమ్మే సైట్లలో వెతకడం మొదలెట్టేను. కొన్నాళ్ళకి నా కళ్ళని నేనే నమ్మలేకపోయేను. అదే రకం బండి, అదే నీలం, అమ్మకానికుంది. ఎక్కడో కాదు, కొత్తపేటలో. ధర కూడా, కాస్త కూడబెట్టుకుంటే, మాకు అందేలాగే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం స్కూటరు మీద వెళ్ళేం. అమ్మే ఆయనది కొబ్బరి వ్యాపారం. నలభై అయిదేళ్ళుంటాయి, తెల్ల లుంగీ, చేతుల బనీను. "రండమ్మా, రండి సార్" అని ఇంటి వెనక కొట్టులోకి తీసుకెళ్ళేరు. అటూ ఇటూ కప్పుదాకా కొబ్బరికాయల రాశులు. పచ్చి పీచు వాసన. మధ్యలో టార్పాలిన్ కప్పి ఉంది. ఆయన దాన్ని లాగేసేరు.

ఏం చెప్పను. పెంకుల సందుల్లోంచి పడిన ఎండ ట్యాంకు మీద మెరుస్తోంది. నేను దగ్గరకెళ్ళి ముట్టుకోలేక నిలబడిపోయేను.

"ఎవరికండి బండి?" అని అడిగేరాయన.

"నాకేనండి."

ఆయన మొహంలో ఆశ్చర్యం కనబడలేదు. "ఇప్పుడేం నడుపుతున్నారండి?"

"స్కూటరండి."

"గేరు బండి?"

"చిన్నప్పుడు నేర్చుకున్నానండి. మా నాన్నగారిది."

"ఒకసారి కూర్చోండి."

కూర్చున్నాను. కాలివేళ్ళ కొసలే నేలకి ఆనేయి. హ్యాండిలు కోసం ముందుకి వంగితే బరువంతా మణికట్ల మీద పడింది. అయినా ఆ క్షణంలో నాకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. "స్టాండు మీంచి లేపండి" అన్నారాయన. లేపేను. బండి నిటారుగా నిలబడినట్టే నిలబడి, మెల్లిగా అవతలి పక్కకి ఒరిగిపోవడం మొదలెట్టింది. కాళ్ళు బిగించినా ఆగలేదు. ఆయన అప్పటికే అటుపక్కన నిలబడి ఉన్నారు. ఒంటిచేత్తో పట్టుకుని సరిచేసేరు.

నేను దిగేక, టార్పాలిన్ మళ్ళీ కప్పేస్తూ, "మీకు అమ్మనండి" అన్నారు.

నాకు మొహం వేడెక్కిపోయింది. "ఆడమనిషిననా అండి?"

"అయ్యో, కాదండి. నా కూతురు నడుపుతానన్నా వద్దనను. మొదటి బండిగా మాత్రం ఇవ్వను." కొబ్బరి బస్తా మీద కూర్చుని, మమ్మల్నీ కూర్చోమన్నారు. "నాకు ఇదే మొదటి స్పోర్ట్స్ బండండి. అంతకుముందు నేను నడిపింది వంద సీసీ బండి. హైదరాబాదులో ఒకాయన చవగ్గా ఇచ్చేస్తున్నారంటే తెచ్చేసుకున్నాను. చవగ్గా రావడమే నా కొంప ముంచిందండి. ధర అందుబాటులో ఉంది కదా అని, నడపడం కూడా చేతికందుతుందనుకున్నాను."

తెచ్చిన కొత్తలో భార్యని వెనక కూర్చోబెట్టుకుని ఐనవిల్లి దర్శనానికి బయల్దేరేరట. కాలవ మలుపు తిరగ్గానే రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది.

"పాత బండైతే ఏం చెయ్యాలో నా చేతికి తెలుసండి. దీని మీద చెయ్యి బిగుసుకుపోయింది. ముందు బ్రేకు గట్టిగా పట్టేసేను. బండికి గీతలు పడ్డాయి. నాకు మోచేతులు చెక్కుకుపోయేయి. ఆవిడకి మోకాలు పోయింది."

ఆయన అలా అంటుండగానే ఆవిడ గ్లాసుల్లో కొబ్బరినీళ్ళు పట్టుకుని వచ్చేరు. కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తున్నారు. మా చేతికి గ్లాసులందించి, భర్తకి ఫోనొచ్చి ఆయన బయటికెళ్ళగానే, నవ్వుతూ నెమ్మదిగా అన్నారు: "మీకూ అమ్మనన్నారాండి? ఎవరికీ అమ్మరండి. అమ్మకానికి పెట్టించింది నేను. వచ్చినవాళ్ళందర్నీ ఏదో ఒకటి అడిగి పంపించేస్తుంటారు."

"మీకు కోపం రాదాండి?" అన్నాను.

"బండి మీదా అండి, ఆయన మీదా?" అని గ్లాసులు తీసుకుంటూ, "వచ్చిందండి, మొదట్లో. ఇప్పుడు, ఆదివారం ఆదివారం ఆయన దాన్ని తుడుస్తుంటే చూస్తాను. తుడుస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడరు" అన్నారు.

తిరుగుదారిలో నేనే స్కూటరు నడిపేను. మావారు వెనక కూర్చున్నారు. సగం దారిలో ఆయనే, "అతను చెప్పిందాంట్లో తప్పేమైనా ఉందా?" అన్నారు. లేదని తెలుసు. తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగదు. హెల్మెట్ అద్దం దించుకున్నాను.

నెల తిరక్కుండా మళ్ళీ షోరూముకి వెళ్ళేను, ఈసారి ఒక్కదాన్నే. మూడొందల సీసీ బండి మీద చాలాసేపు కూర్చున్నాను. అది కొనగలను. కాని దాని టైర్ల ధర, ఇన్సూరెన్సు, ఏం పాడైనా రాజమండ్రి పరుగెత్తాలన్న సంగతి, అన్నీ కుర్రాడు దాచకుండా చెప్పేడు. జీతంలోంచి బండి కొనడం వేరు, ఆ జీతంతోనే దాన్ని పోషించడం వేరు. పైగా నేను రోజూ తిరిగే దారి ఎలాంటిది? కాలవగట్లు, కొబ్బరిమట్టలు రాలి ఉండే మలుపులు, బాతులు, సైకిళ్ళ మీద బడిపిల్లలు. నూట యాభై సీసీది ఎక్కి కూర్చున్నాను. రెండు పాదాలూ నిండుగా నేలకానేయి. స్టాండు మీంచి లేపేను. ఒరగబోయింది, పట్టుకోగలిగేను. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు రెండు చక్రాలకీ ఉందన్నాడు కుర్రాడు. బడి దాకా వెళ్ళే దారిలాంటి రోడ్డు మీద ఒకసారి నడిపించమంటే నడిపించేడు.

అదే తీసుకున్నాను. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్టు, దళసరి రైడింగు జాకెట్టు, చేతితొడుగులు కొన్నాను. ఎర్ర బండి. బాగుంటుంది. దాన్ని షోరూము గేటులోంచి బయటికి తెస్తుంటే, నాన్నగారు చూస్తే బాగుండుననిపించింది. ఆయన పోయి అప్పటికి చాలా కాలమైంది.

ఆ బండి నాకు నేర్పిందంతా మెల్లిమెల్లిగా నేర్పింది. మొదటి నెల మణికట్లు వాచేయి. భారమంతా చేతుల మీద వెయ్యకూడదనీ, మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకోవాలనీ తెలియడానికి కొన్ని వారాలు పట్టింది. మలుపులో చక్రం ముందు కనబడే రోడ్డుని కాదు, మనం బయటపడబోయే చోటుని చూడాలని తెలిసింది. వానాకాలం మట్టి, వంతెనల మీద ఎదురుగాలి, వరికోతలప్పుడు రోడ్డు మీద గడ్డి. ఒక సాయంత్రం అంబాజీపేట దాటేక మలుపు తిరిగేసరికి సగం రోడ్డు నిండా ధాన్యం ఆరబోసి ఉంది. నా చెయ్యి బిగుసుకోలేదు. మలుపు ముందే వేగం తగ్గించి ఉన్నాను. గింజల అంచు పక్కనుంచి వెళ్ళిపోయేను. కాస్త దూరం పోయేక బండి ఆపి, చేతితొడుగులు తీసేసి, గట్టు మీద కూర్చున్నాను. కొత్తపేట ఆవిడ నడక కళ్ళముందు కనబడింది.

ఇంత జరిగినా, ఆ నీలం బండి మీద మనసు పోలేదు. పోతుందనుకున్నాను. ఎర్ర బండి నాకు సరిపోయే కొద్దీ, అది ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తూ వచ్చింది. హైవే మీద చెయ్యి పూర్తిగా తిప్పేసేక, ఇంక దాని దగ్గర ఇవ్వడానికేమీ ఉండదు. అక్కడినుంచి నేను ఊహించుకునేదాన్ని. కొన్నాళ్ళకోసారి కొత్తపేట ఆయనకి మెసేజి పెట్టేదాన్ని: "ఉందాండి?" ఆయన జవాబు ఎప్పుడూ ఒక్కటే: "ఉందండి." అంతకుమించి ఇద్దరం ఏమీ రాసుకునేవాళ్ళం కాదు. ఆ ఒక్క మాట చదువుకుని పేపర్లు దిద్దుకునేదాన్ని.

రెండేళ్ళు దాటేక ఒక శుక్రవారం ఆయనే ఫోన్ చేసేరు.

"అమ్మా, ఆదివారం బండి తీసుకెళ్ళిపోతున్నారండి. విజయవాడాయన. ఇలాంటి బండ్లు ఏళ్ళ తరబడి నడిపిన మనిషి. నేనేమడిగినా జవాబు చెప్పేరు. ఇంక నాకు అడగడానికేం మిగల్లేదండి."

"మంచిదండి" అన్నాను.

"మీరొకసారి నడుపుతారా?"

శనివారం ఒంటిపూట బడి. మావారు షిఫ్టులో ఉన్నారు. ఫోన్ చేసి చెప్తే, "ఒక్కదానివేనా?" అన్నారు. ఊఁ అన్నాను. "దిగగానే ఫోన్ చెయ్యి" అని పెట్టేసేరు.

కొట్టులో కాయల రాశులు అప్పటికన్నా పెద్దవిగా ఉన్నాయి. బండి బయటే ఉంది, తుడిచి, పెట్రోలు పోసి. ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టేరు. ఎక్కేను. కాలివేళ్ళ కొసలే ఆనేయి, అప్పటిలాగే. కాని ఈసారి బండి ఒరగలేదు, ఎక్కడ నిలబెట్టాలో నా నడుముకి తెలుసు. "రావులపాలెం హైవే దాకా వెళ్ళి వచ్చెయ్యండి" అన్నారు. వెనక రావడం గాని, జాగ్రత్తలు చెప్పడం గాని చెయ్యలేదు.

ఊరు దాటేదాకా రెండో గేరు దాటలేదు. అలాంటి బండి మన ఊళ్ళ మధ్య నడవడమంటే, పెద్ద పెద్ద అంగలెయ్యగల మనిషి ఇరుకింట్లో తిరుగుతున్నట్టుంటుంది. ఇంజిను వేడి తొడలకి కొడుతోంది. హైవే ఎక్కేక, ముందు దారి ఖాళీగా ఉన్న చోట, చెయ్యి తిప్పేను. అంతకాలం ఫోన్లో చెవి దగ్గర పెట్టుకుని విన్న చప్పుడు ఇప్పుడు నా పక్కటెముకల్లోంచి వస్తోంది. ఆగలేదు, పెరుగుతూనే ఉంది. నా ఎర్ర బండి ఓపిక అయిపోయే చోట ఇది ఊపిరి పీల్చుకోవడం మొదలెట్టింది. ట్యాంకు మీద వాలిపోయేను. కళ్ళల్లోంచి నీళ్ళు కారేయి. గాలి వల్ల కాదు, అద్దం దించే ఉంది.

తరవాత వేగం తగ్గించేసేను. భయమేసి కాదు. ఇది నాది కాదని ఒళ్ళంతటికీ తెలిసిపోయింది. ఇంక ఎంత దూరం వెళ్ళినా అంత దూరమూ తిరిగి రావాలి కదా.

తిరిగొచ్చి దిగగానే మావారికి ఫోన్ చేసి "దిగేను" అన్నాను. తాళంచెవి కొత్తపేట ఆయనకిచ్చేను.

"ఎలా ఉందండి?"

"బాగుందండి" అన్నాను.

"ఇప్పుడైతే మీకివ్వొచ్చండి" అన్నారాయన నేలకేసి చూస్తూ. "మీరు సరేనంటే విజయవాడాయనకి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, సరేనందామనుకున్నాను. "నడపగలనండి. పోషించలేను" అన్నాను చివరికి. "దీన్ని కొట్టులో పెట్టి ఆదివారం తుడవడానికి ఇన్నాళ్ళూ మీరున్నారు, చాలు కదా, మళ్ళీ నేనెందుకండి."

ఆయన పెద్దగా నవ్వేరు. నవ్వి, మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయేరు.

నేను నా బండి దగ్గరకెళ్ళి హెల్మెట్ పెట్టుకుంటుంటే ఆయన భార్య వచ్చి నిలబడ్డారు. నా బండి వెనక సీటుకేసి చూసేరు. అది ఎత్తుగా, చిన్న పీటంత ఉంటుంది.

"నన్నోసారి తిప్పుతారాండి?" అన్నారు. "అప్పట్నించీ బండెక్కలేదు. ఎక్కడికెళ్ళినా ఆటోయే."

ఆయన గుమ్మంలోకి వచ్చి ఆగిపోయేరు. "ఏవే..." అన్నారు గాని మాట పూర్తి చెయ్యలేదు. లోపలికెళ్ళి హెల్మెట్ తెచ్చి తనే ఆవిడ తలకి పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించేరు. బిగించేక కూడా రెండుసార్లు లాగి చూసేరు. ఆవిడ కుడికాలు ఎత్తలేకపోతుంటే చెయ్యి పట్టి ఎక్కించేరు. ఆయన చెయ్యి బండి వెనక కడ్డీ మీద ఉండిపోయింది. నేను ఆగేను. కాసేపటికి వదిలేరు.

కాలవ పక్క రోడ్డు మీద చాలా నెమ్మదిగా వెళ్ళేను. ఆవిడ నా జాకెట్టుని రెండు గుప్పెళ్ళతోనూ పట్టుకున్నారు. మొదటి మలుపు దగ్గర ఆ పట్టు ఎంత బిగిసిందంటే నాకు ఊపిరాడలేదు. మలుపు దాటేక కాస్త వదులైంది. రెండో మలుపుకి ఇంకాస్త. గట్టు మీద నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేరు. ఆవిడ వాళ్ళకి చెయ్యి ఊపేరు.

"భయంగా ఉందాండి?" అని అరిచేను.

"ఆయ్, ఉందండి" అని వెనకనుంచి అరిచేరు. తరవాత, "ఇంకొంచెం పోనివ్వండి!" అన్నారు.

పోనిచ్చేను. ఎదురుగా కొబ్బరితోటల మీద పొద్దు వాలుతోంది. ఆవిడ ఏదో అంటున్నారు గాని గాలికి వినపడలేదు. నవ్వుతున్నారని మాత్రం తెలిసింది.

నీలం బండి మర్నాడు వెళ్ళిపోయింది. ఆయన ఆ సంగతి ఒక్కమాటలో రాసేరు: "వెళ్ళిందండి." నెలకోసారో రెండుసార్లో శనివారం నేను కొత్తపేట వెళ్తున్నాను. ఆవిడని ఎక్కించుకుని ఒకసారి ఆత్రేయపురం దాకా కూడా వెళ్ళేం. మావారు కూడా ఇప్పుడు అప్పుడప్పుడు నా వెనక కూర్చుని, ఓడలరేవు వైపు సముద్రం గాలి తగిలేదాకా కళ్ళు గట్టిగా మూసుకుంటారు. రాత్రిళ్ళు నేను ఫోన్లో పాత బండ్ల బొమ్మలు చూస్తుంటే, "ఇంకా కావాలా నీకు?" అని అడుగుతుంటారు.

కావాలనే చెప్తాను.